ఒకటో నంబరు మెషీను మీది పలక

మా ముత్తాత మూడు గ్రామాలకి మొఖాసాదారు, ఆ ఊళ్ల శిస్తు ఆయనదే. ఆయన గుర్రపు బండి చీపురుపల్లి సంతకి వచ్చిందంటే దారిలో ఉన్న బళ్లు పక్కకి తొలిగేవి. మొఖాసాలు రద్దయ్యాక చేతికొచ్చిన పరిహారంతో మద్రాసు వెళ్లి రెండు సినిమా మెషీన్లు కొన్నవారు మా తాతగారు. ఆ మెషీన్ల కోసం గోడలు లేపి, రేకులు వేసి, చీపురుపల్లికి కోసెడు దూరంలో పక్కా హాలు కట్టినవారు మా నాన్నగారు. నేనేమీ కట్టలేదు. ఈ మాట ఎవరో అనేదాకా ఆగకుండా నేనే చెప్పేస్తున్నాను.

తాతగారు మొదట డేరా టాకీసు నడిపారు. మెషీన్లని విప్పి, చెక్కపెట్టెల్లో వరిగడ్డి పరిచి సర్ది, రైల్లో నౌపడ తీసుకెళ్లేవారు. అక్కడ ఉప్పుమడుల్లో పనిచేసేవాళ్లే ప్రేక్షకులు. ఉప్పుగాలి ఇనుమును ఎలా తింటుందో ఆయనకి తెలుసు. రోజూ పొద్దున్నే ఆముదం గుడ్డ పట్టుకుని మెషీన్లని తనే తుడిచేవారట, పనివాళ్లని ముట్టుకోనిచ్చేవారు కాదట. నౌపడలో పదిహేను రోజులు, అక్కడి నుంచి చిన్న రైలెక్కించి పాతపట్నంలో పదిహేను రోజులు. మొఖాసాదారు కొడుకు డేరా మోసుకు తిరుగుతున్నాడని చుట్టాలు నవ్వారు. ఆయన పట్టించుకోలేదు. చుట్టాలకి పాసులు మాత్రం ఎప్పుడూ ఇవ్వలేదు.

ఆ మెషీన్ల గురించి వివరంగా చెప్పాలి. సినిమా చూసినవాళ్లు ఊరూరా ఉన్నారు, సినిమా వేసే యంత్రాన్ని దగ్గరగా చూసినవాళ్లు హాలుకి ముగ్గురో నలుగురో.

నిలువెత్తు మనిషి కంటే జానెడు ఎక్కువ ఎత్తు. అడుగున పోత ఇనుము పీఠం, రోలు అడుగులా వెడల్పు. దాని మీద నుంచి ఒక మెడ కొంచెం ముందుకి వంగి లేస్తుంది. ఆ వంపు మీదే బరువంతా. వెనక దీపం పెట్టె. పెద్ద ట్రంకుపెట్టె అంత ఉంటుంది కానీ దానికి ఒక్క మూల కూడా కోసుగా ఉండదు. అంచులన్నీ ఏట్లో దొర్లిన రాయిలా నునుపు. పైన పొగగొట్టం. పక్కన అరచేయంత గుండ్రటి నల్ల గాజు. లోపల రెండు కార్బను కడ్డీల మధ్య మండే వెలుగును ఉత్త కంటితో చూస్తే చూపు పోతుంది. ఆ గాజులోంచి చూస్తే గ్రహణం నాటి సూర్యుడిలా చిన్నగా, చల్లగా కనిపించేది. ముందు వైపు పైన ఒకటి, కింద ఒకటి గుండ్రటి రీలు పెట్టెలు. వాటి మధ్య యంత్రం. దాని తలుపుకి చిన్న అద్దం, పక్కన లోపలి నూనె మట్టం చూపే, ఇత్తడి అంచు కట్టిన నూనె కన్ను. చేత్తో తిప్పే చక్రం నల్ల బేకలైటుది, వేళ్లు ఆనే చోట గుంటలు. రంగు ముదురు ఆకుపచ్చ. నున్నటి పెయింటు కాదు, సన్నటి ముడతలున్న పెయింటు. చేత్తో రాస్తే ముసలి ఏనుగు తొండం తడిమినట్టు ఉండేది.

ఎవరూ చూడని గదిలో నిలబడే వస్తువుకి అంత అందం ఎందుకని నేను ఒకసారి నాన్నగారిని అడిగాను. నడిపేవాడు చూస్తాడు కదా, వాడికది మర్యాద అన్నారు. ఆ జవాబు నాకు ఇప్పటికీ నచ్చుతుంది. చూసేవాళ్లున్నప్పుడే నిటారుగా నిలబడటం మా ఇంట్లో గొప్ప కాదు.

ఒకటో నంబరు మెషీను పీఠం మీద ఒక ఇత్తడి పలక ఉండేది. విజయనగరం కంచరి చేత తాతగారు చెక్కించారు. జానెడు వెడల్పు, నాలుగు మరలు, మీద ఆయన పేరు, ఇంటి పేరు, ఊరి పేరు. రెండో మెషీనుకి పలక లేదు. కొత్త బొమ్మ పడే రోజున ఆపరేటరు ఆ పలకని చింతపండుతో తోమి, దీపం పెట్టెకి పసుపు రాసి బొట్టు పెట్టాకే మోటారు వేసేవాడు.

మా హాలుకి ఇంకో ఆచారం ఉంది. రెండో ఆట అయ్యాక లెన్సులు విప్పి, మెత్తటి గుడ్డలో చుట్టి, డబ్బాలో పెట్టి ఇంటికి తేవాలి. డేరా రోజుల్లో ఎవడో ఆపరేటరు తాతగారికి తెలియకుండా ఊరి పెద్దలకి దొంగ ఆట వేశాడట. అప్పటి నుంచి లెన్సులు దేవుడి గూట్లో పడుకునేవి. మర్నాడు మధ్యాహ్నం తిరిగి హాలుకి వెళ్లేవి. పెద్దవి రెండు, చిన్నది ఒకటి. చిన్నది స్లైడులు వేయడానికి. ఒకటో నంబరు మెషీను దీపం పెట్టె పట్టాల మీద పక్కకి జరుగుతుంది. జరిపితే వెలుగు రీలు మీద కాకుండా పక్కనున్న ఇత్తడి చట్రంలోని గాజు స్లైడు మీద పడుతుంది. దాని ముందు బిగించేది ఆ చిన్న లెన్సు.

హాలు ఆఖరి ఆట రోజున కూడా లెన్సులు ఇంటికి వచ్చాయి. తిరిగి వెళ్లలేదు.

అప్పుడు నేను పార్వతీపురంలో ఉద్యోగంలో ఉన్నాను. నాన్నగారికి ఒంట్లో బాగుండేది కాదు. నాలుగేళ్లుగా హాలుకి జనం లేరు. ఆయన హాలు మూసి మెషీన్లు అమ్మేశారు, కొన్నదెవరో నాకు తర్వాత తెలిసింది. మా హాలు సైకిలు స్టాండు కాంట్రాక్టరు కొడుకు. వాడూ నేనూ ఒకే బడిలో చదివాం. వాళ్ల నాన్న మా నాన్నగారిని 'బాబుగారూ' అని పిలిచేవాడు, అంగవస్త్రం నడుముకి చుట్టుకుని. వీడు నన్ను ఎప్పుడు ఎక్కడ కనిపించినా 'బావా' అంటాడు. మా వైపు అందరూ అలాగే అంటారు, తప్పుపట్టలేం. నేను తప్పుపట్టాను, మనసులో.

వాడు విజయనగరం రోడ్డు మీద హోటలు కట్టాడు. మెషీన్లని అందులో అలంకారానికి పెట్టాడని విన్నాను. నాన్నగారు పోయిన రెండేళ్లకి ఒక పెళ్లికి వెళ్తూ అక్కడ ఆగి చూశాను.

బంగారు రంగు వేయించాడు. ఆటోలకి రంగులు కొట్టేవాడి చేత స్ప్రే కొట్టించాడు. ముడతల పెయింటు మీద ఆ రంగు పులిసిన పిండిలా ఉబ్బింది. పొగగొట్టాలు కోయించాడు, సీలింగుకి తగులుతున్నాయని. రీలు పెట్టెల తలుపులు పీకించాడు, లోపల ఫిల్ము కనపడాలని. ఫిల్మును పైచక్రం నుంచి కిందచక్రానికి బట్టలారేసే తాడులా బిగుతుగా లాగి కట్టాడు. యంత్రం పైనా కిందా ఫిల్ముకి వదులు వంపు ఉండాలి, లేకపోతే పళ్లచక్రం మొదటి పంటికే తెగుతుంది. లెన్సు ఉండవలసిన రంధ్రంలో మోటారుసైకిలు హెడ్‌లైటు అద్దం ఇరికించాడు. అన్నిటికీ మించి, ఒకే తెర వైపు చూడవలసిన రెండు మెషీన్లనీ గుమ్మానికి అటూ ఇటూ ఎదురెదురుగా నిలబెట్టాడు. కొట్లాటకి దిగబోయే పొట్టేళ్లలా ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి.

అది భరించాను. భరించలేనిది పీఠం మీద ఉంది. తాతగారి పలక ఉండే చోట స్టీలు పలక. దాని మీద వాడి తండ్రి పేరు.

కౌంటరు వెనక వాడే ఉన్నాడు, పిలిచి అడిగాను, మా తాతగారి పలక ఏదని.

"ఆ పలక నాకు రాలేదు బావా" అన్నాడు. "నాలుగు బొక్కలే వచ్చేయి. బొక్కలు కనపడకుండా మా అయ్య పేరెట్టేను. ఏటి తప్పు?"

నేను నమ్మలేదు. దొంగకి కోపం రాకపోవడం కంటే పెద్ద సాక్ష్యం ఏముంటుందనిపించింది. కాఫీ తాగమన్నాడు. తాగకుండా వచ్చేశాను. ఆ పెళ్లిలో ఏం తిన్నానో, పెళ్లికూతురు ఎవరో నాకు గుర్తులేదు. నాలుగు మరల గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. ఆ తర్వాత మూడేళ్లు కూడా దాని గురించే ఆలోచించాను. గడ్డం గీసుకుంటూ ఆలోచించాను. బస్సు కోసం నిలబడి ఆలోచించాను. ఏదో ఒక రోజు వాడే నా గుమ్మం ఎక్కుతాడని తెలుసు. లెన్సులు నా దగ్గరున్నాయి.

మొన్న చలికాలం వాడు ఎక్కాడు. హోటలు మీద కొత్త అంతస్తు వేశాడు, ప్రారంభానికి ఊరి పెద్దల్ని పిలుస్తున్నాడు. ఆ సాయంత్రం పాత మెషీను నడిపి గోడ మీద పది నిమిషాల రీలు వేయించాలని వాడి కోరిక. విశాఖపట్నం నుంచి మెకానిక్కుని తెచ్చాడట. కార్బను కడ్డీలు ఇప్పుడు దొరకవు కాబట్టి ఎల్‌ఈడీ దీపం పెట్టించాడట. మోటారు తిరుగుతోందట. మా పాత ఆపరేటరుని కూడా రప్పించాడు, అతనే ఫిల్ముని సరిగ్గా ఎక్కించాడట. అన్నీ కుదిరాక బొమ్మ ఎందుకు పడటం లేదంటే, హెడ్‌లైటు అద్దంతో బొమ్మ పడదని ఆపరేటరు నవ్వాడట.

"లెన్సు నీ దగ్గరున్నాదని మావ సెప్పేడు" అన్నాడు. మావంటే మా ఆపరేటరే. "ఒక్క పూటకియ్యి బావా. మా అమ్మ సూడాలంటన్నాది. మీ హాల్లో బొమ్మ ఆడతంటే బయట సైకిళ్ల కాడే గడిచిపోయింది దాని బతుకు. లోపల కూకుని ఒక్క బొమ్మైనా సూడలేదు."

పలక పెడితే ఇస్తానన్నాను. పలక తన దగ్గర లేదని మళ్లీ అదే మాట. కొత్తది చేయించి పక్కన పెడతానన్నాడు, రెండు పేర్లూ ఉంటాయన్నాడు. రెండు పేర్లు పక్కపక్కన. అప్పుడే నాకు అటక మీదున్న ఒక పాత స్లైడు గుర్తొచ్చింది. ఇస్తానన్నాను. అయితే లెన్సు పరాయి చేతికివ్వను, నేనే తెచ్చి నేనే బిగిస్తానన్నాను. వాడు నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

స్లైడులు అటక మీద చెక్కపెట్టెలో ఉన్నాయి, లోపల కోసిన సన్నటి గాడుల్లో ఒక్కొక్క గాజూ నిలబెట్టి. చాలామట్టుకు సబ్బులు, బీడీలు, బట్టల కొట్లు. నాకు కావలసినవి రెండే. ఒకటి మా హాలు స్వాగతం స్లైడు, తాతగారి పేరుతో. రెండోది నాన్నగారు రాయించింది. ఆ సంగతి మా ప్రాంతంలో పాతవాళ్లందరికీ తెలుసు. సైకిలు స్టాండులో సైకిలు పెట్టి ఆటకి వెళ్తే, బయటికొచ్చేసరికి గాలి ఉండేది కాదు. పక్కనే పంపు కూడా కాంట్రాక్టరుదే. ఒక నెలంతా ఫిర్యాదులు వచ్చాక నాన్నగారు ఒక స్లైడు రాయించి ఇంటర్వెల్లో వేయించారు. సైకిలు స్టాండు కాంట్రాక్టరు గారు, పేరుతో సహా, ప్రేక్షకుల సైకిళ్ల గాలి తీయుచున్నట్లు రుజువైనది, ఇకపై తీసినచో మేనేజరుకి తెలుపవలెను. వారం రోజులు వేశారు. హాలు హాలంతా నవ్వేది. వారం తర్వాత గాలి పోవడం ఆగింది.

ఆ రెండు గాజుల్నీ మెత్తటి గుడ్డతో తుడిచాను. పెద్ద లెన్సుని డబ్బాలో పెట్టి, చిన్న లెన్సుని కూడా చొక్కా జేబులో వేసుకున్నాను. వాడు అడిగింది పెద్దది ఒకటే.

ప్రారంభం రోజు సాయంత్రం మేడ మీది హాల్లో వందమంది దాకా కూర్చున్నారు. ఒకటో నంబరు మెషీనుని పైకి మోయించి తెల్ల గోడకి ఎదురుగా పెట్టారు. బంగారు రంగు కొంత ఊడి, కింద మా ఆకుపచ్చ కనపడుతోంది. ముందు వరసలో సోఫాలో వాడి తల్లి, తెల్లటి జుట్టు, ఆకుపచ్చ నేత చీర. నేను లెన్సు తొడిగి చేత్తో తిప్పి బిగించాను. ఎన్నేళ్లయినా మరలు తమ దారి మరచిపోలేదు. ఆపరేటరు పక్కనే నిలబడి చూస్తున్నాడు. నేను చిన్న లెన్సు తీసి స్లైడు చట్రం ముందు పెడుతుంటే అతను నా మొహం వైపు చూశాడు. దీపం పెట్టెని పట్టాల మీద పక్కకి జరిపాను. పట్టాలు కీచుమన్నాయి.

మొదటి స్లైడు పడింది. నమస్కారం పెడుతున్న చేతులు, మా హాలు పేరు, తాతగారి పేరు, రెండడుగుల అక్షరాలతో. పెద్దవాళ్లు చప్పట్లు కొట్టారు. హోటలు యజమాని కూడా కొట్టాడు, నావైపు తిరిగి తలూపాడు. అప్పుడు నేను రెండోది పెట్టాను.

ముందు ఎవరూ కదల్లేదు. తర్వాత వెనక వరసలో ఎవరో నవ్వాపుకోలేక తుమ్మినట్టు నవ్వారు. అక్కడి నుంచి నవ్వు ముందుకి పాకింది. హోటలు యజమాని నవ్వలేదు. గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు. గోడ మీద తన తండ్రి పేరు. మూడేళ్లుగా నేను చూడాలనుకున్న మొహం అదే. నిదానంగా, తనివితీరా చూశాను. గాజుని చట్రంలోంచి తీయలేదు.

"ఏటి రాసున్నాది?" అంది ముసలమ్మ. ఆమెకి చదువు రాదు.

పక్కనున్న మనవరాలు తెలియక మొత్తం పైకి చదివేసింది, రుజువైనది, తెలుపవలెను అంతటితో సహా. ముసలమ్మ గోడ వైపు అలాగే చూసింది.

"నిజిమే" అంది. "తీసీవోడు. ఆ పంపు నానే కొట్టీదాన్ని. ఏడోనెల కడుపుతో కొట్టేను, ఈడే ఆ కడుపులోన ఉన్నాడు. గాలితో పుట్నోడ్రా మావోడు, అందుకే ఇంతెత్తుకెగిరేడు."

హాలంతా పగలబడి నవ్వింది. ఇందాకటి నవ్వు కాదు. కొందరు లేచి వచ్చి ఆమె చేతులు పట్టుకున్నారు. హోటలు యజమాని కూడా నవ్వాడు, కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. ఆమె ఇంకా ఏదో చెబుతోంది, పంపు పిడి గురించి, అరచేతుల బొబ్బల గురించి, జనం మళ్లీ నవ్వుతున్నారు. గోడ మీద నేను పెట్టిన అక్షరాలు వాళ్ల వెనక వెలుగుతూ ఉన్నాయి. వాటిని ఎవరూ చూడటం లేదు.

ఆపరేటరే స్లైడు తీసి దీపం పెట్టెని యథాస్థానానికి జరిపాడు. రీలు నడిచింది. పది నిమిషాలూ నేను మెషీను వెనకే నిలబడ్డాను. ఎల్‌ఈడీ వెలుగు తెల్లగా, జీవం లేకుండా ఉంది. కానీ యంత్రం చప్పుడు మాత్రం మారలేదు.

జనం భోజనాలకి దిగాక వాడు నా దగ్గరికొచ్చాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా, చెయ్యి చేసుకున్నా నాకు ఇష్టమే.

"పలక కోసమేనా బావా ఇదంతా?" అన్నాడు.

అవునన్నాను.

"మావనడుగు" అన్నాడు. "నాను సెప్పకూడదు. నా దగ్గర మాట తీసుకున్నారు." అని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

నేను ఆపరేటరు వైపు తిరిగాను. అతను లెన్సు విప్పి, తనతో తెచ్చుకున్న గుడ్డలో చుడుతున్నాడు, రెండో ఆట అయ్యాక చుట్టినట్టే.

"ఆ పలక నానే ఇప్పినాను బాబూ" అన్నాడు. "మీ నాన్నగారు దగ్గరుండి ఇప్పించేరు. మెషీన్లు బేరం పెట్టకముందే. ఈ పేరు ఇంకోడి గుమ్మంలో నిలబడకూడదన్నారు. ఈ హోటలు బాబు తరవాత పలకేదని ఆయన్నడిగితే, మా వాడికి సెప్పకని మాట తీసుకున్నారు. నాకూ అదే సెప్పేరు."

ఏం చేశావు పలకని, ఎక్కడుందని అడిగాను. ఇంట్లో ఎక్కడో దాచి ఉంటారని ఆ క్షణంలో నాకు నమ్మకం. దేవుడి గూడు అడుగున, అటక మీద, నాన్నగారి పెట్టెలో, అన్నీ ఒక్కసారే మనసులో వెతికేశాను. అతను లెన్సు డబ్బా మూత బిగించి నా చేతిలో పెట్టాడు. ఆ తర్వాత చెప్పాడు.

నేను కిందకి దిగేటప్పుడు ముసలమ్మ భోజనాల దగ్గర కూర్చుని ఉంది. తిని వెళ్లమంది. ఆకలి లేదన్నాను. యజమాని గుమ్మం దాకా వచ్చాడు. క్షమించమని నేను అడగలేదు, వాడూ ఎదురుచూడలేదు. రెండో నంబరు మెషీను గుమ్మం పక్కన ఒంటరిగా నిలబడి ఉంది, బంగారు రంగులో, ఎదుటి ఖాళీ చోటుని చూస్తూ. బస్సు కోసం నిలబడ్డంతసేపూ డబ్బాని రెండు చేతులతో పట్టుకునే ఉన్నాను. లెన్సులు దేవుడి గూట్లో పెట్టాను, ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. వాడు మళ్లీ అడగలేదు. అడిగినా ఇవ్వను.

ఆపరేటరు చెప్పింది ఇది. మెషీన్లు అమ్మడానికి ముందు నెల, చీపురుపల్లి సంత రోజున, రెండు నీళ్ల గంగాళాలు, ఐదు బిందెలు, ఒక పన్నీరు బుడ్డి, మా ముత్తాత బండి గుర్రానికి కట్టిన గంటల పట్టెడ, తాతగారి పేరున్న పలక, అన్నీ ఒకే తూకంలో వేసి పాత ఇత్తడి కింద నాన్నగారు అమ్మేశారు.